గడప దాటిన పిల్లకు మాటేది?

పత్రికాఫీసులో రాత్రి డెస్కు మీద కూర్చున్నవాడి చేతికి రెండు రోజులకోసారైనా ఒక వార్త వస్తుంది. పదహారేళ్లదో పదిహేడేళ్లదో ఒక పిల్ల ఇంట్లోంచి వెళ్లిపోయింది. తండ్రి పోలీసు స్టేషనుకు పోయాడు. ఆరు లైన్ల వార్త. కొన్నేళ్లు ఉర్దూ పత్రికలో, తర్వాత తెలుగు పత్రికలో ఈ ఆరు లైన్లు రాసినవాణ్ని నేను. తెలుగులో హెడ్డింగు సిద్ధంగా ఉంటుంది: 'బాలిక అదృశ్యం'. కుర్రాడి ఊసు ఉంటే 'ప్రేమజంట పరారీ'. ఉర్దూలో 'లడ్కీ లాపతా', లేకపోతే 'ఫరార్'. వీధిలో తెలుగువాళ్లు 'లేచిపోయింది' అంటారు. మా గల్లీలో 'భాగ్ గయీ' అంటారు.

ఒకసారి వచ్చిన వార్త మాత్రం ఇప్పటికీ నన్ను వదలడం లేదు. పదో తరగతి పూర్తయిన ముస్లిం పిల్ల. ఇంట్లో పెళ్లి ఖాయం చేశారు. తనకిష్టం లేదనీ, ఫుప్పూ ఇంటికి పోయి చదువుకుంటాననీ చీటీ రాసిపెట్టి మరీ వెళ్లింది. ఆ చీటీ నకలు నా బల్ల మీదే ఉంది. అయినా నేను 'బాలిక అదృశ్యం' అనే రాశాను. ఎక్కడికి పోతున్నదీ ఎందుకు పోతున్నదీ రాసిపెట్టి పోయిన మనిషి అదృశ్యం ఎలా అవుతుంది? అప్పుడు నాకా ప్రశ్న రాలేదు. నాకు తెలిసిన రెండు భాషల్లోనూ ఆ పిల్ల చేసిన పనికి మాట లేదు గనక నేనేదో కొత్తగా తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు.

మగపిల్లవాడు పోతే మాటలకు కొదవ లేదు. బతకడానికి పోయాడు, చదువుకోడానికి పోయాడు, బొంబాయి పోయాడు, దుబాయి పోయాడు. పోయేవాడూ వాడే, పని చేసేవాడూ వాడే. ఆడపిల్ల గౌరవంగా గడప దాటడానికి మాత్రం ఒక్కటే మాట. ఉర్దూలో రుఖ్సతీ, తెలుగులో అప్పగింతలు. రుఖ్సత్ అంటే సెలవు, అనుమతి. అప్పగింతలంటే సరే, అప్పగించడం. రెండింటిలోనూ నడిచిపోయేది పిల్లే. కాని ఒకరు అప్పగిస్తారు, మరొకరు పుచ్చుకుంటారు. ఆమె వాక్యంలో కర్మ, కర్త కాదు.

నేను బి.ఏ. చదివినవాణ్ని, వకీలును కాను. అయినా మన చట్టాలను ఒక రచనను చదివినట్టు చదివితే అక్కడా ఇదే వ్యాకరణం కనిపిస్తుంది. భారత శిక్షాస్మృతి 361వ సెక్షను సంరక్షకుల నుంచి పిల్లల్ని ఎత్తుకుపోవడం గురించి చెప్పింది. మగపిల్లవాడికి పదహారు లోపు, ఆడపిల్లకు పద్దెనిమిది లోపు వయసుంటే, వాళ్లను 'తీసుకుపోయినా', 'మభ్యపెట్టి రప్పించుకున్నా' నేరం. అంటే పదిహేడేళ్ల మగపిల్లవాడు పోతే వాడు పోయినట్టు. పదిహేడేళ్ల ఆడపిల్ల పోతే ఎవడో తీసుకుపోయినట్టు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షనులో ఆడా మగా తేడా తీసేసి ఇద్దరికీ పద్దెనిమిదే పెట్టారు. తేడా పోయింది, మంచిదే. క్రియాపదాలు మాత్రం అవే మిగిలాయి.

కొన్ని దేశాల్లో పిల్లలు ఎప్పుడు విడిగా బతకవచ్చో చట్టమే చెబుతుంది. స్కాట్లాండులో పదహారు నిండినవాళ్లు ఇల్లు విడిచి ఉండవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పద్నాలుగేళ్లు నిండి, తల్లిదండ్రుల సమ్మతితో విడిగా ఉంటూ తమ ఖర్చు తాము చూసుకునేవాళ్లు తమకు విడుదల ఇవ్వమని కోర్టును అడగవచ్చు. మన దగ్గర అలాంటి తలుపు లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండాలి. కోర్టు సంరక్షకుణ్ణి నియమించిన పిల్లలకైతే ఇరవై ఒకటి అని ఉండేది, 1999లో దాన్నీ పద్దెనిమిదికి తెచ్చారు. 1890 నాటి సంరక్షకుల చట్టం 25వ సెక్షను ప్రకారం పిల్ల తనంతట తాను సంరక్షకుణ్ణి వదిలిపోయినా సరే, తిరిగి పోవడమే ఆమెకు మేలని కోర్టు అనుకుంటే వెనక్కి పంపవచ్చు. ఆ ఆజ్ఞ అమలు కోసం ఆ పిల్లనే అరెస్టు చేయించవచ్చు. ఇదే చట్టం 17వ సెక్షనులో మాత్రం ఒక మంచి మాట ఉంది. సంరక్షకుణ్ణి నియమించేటప్పుడు, బుద్ధిగా ఆలోచించగల వయసున్న పిల్లల ఇష్టాన్ని కోర్టు పట్టించుకోవచ్చునంటుంది. పట్టించుకోవాలి అనదు, పట్టించుకోవచ్చు అంటుంది.

కొట్టొచ్చినట్టు కనిపించేది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం. పదహారేళ్ల పిల్లకు తల్లిదండ్రులే పెళ్లి చేశారనుకోండి. ఆ పెళ్లి చెల్లుతుంది. తనకు వద్దని ఆ పిల్లే కోర్టుకెక్కితే తప్ప రద్దు కాదు. అందుకు మైనారిటీ తీరిన తర్వాత రెండేళ్ల దాకా గడువుంది. అదే పిల్లను సంరక్షకుల నుంచి ఎవరైనా తీసుకుపోయో మభ్యపెట్టో పెళ్లి చేసుకున్నారనుకోండి, 12వ సెక్షను ప్రకారం ఆ పెళ్లి మొదటినుంచే చెల్లదు. ఆడపిల్లల వ్యాపారాన్ని అరికట్టడానికి అలా రాశారన్నది నిజమే. కాని వయసు అదే, పిల్ల అదే. తండ్రి చేస్తే చెల్లే పెళ్లి, తండ్రి ప్రమేయం లేకపోతే చెల్లదు. అప్పుడు చట్టం కాపాడుతున్నది పిల్ల వయసునా, ఇంటి పెద్ద హక్కునా?

పిల్లను కర్తగా చూసిన తీర్పు నాకు ఒకటి కనిపించింది. వరదరాజన్ కేసు. 1960లో మద్రాసులో కాలేజీలో చదువుతున్న ఒక అమ్మాయి, పద్దెనిమిది నిండడానికి కొద్ది వారాల ముందు, బంధువుల ఇంటి నుంచి బయటికొచ్చి, తానే ఫోను చేసి, తాను ఇష్టపడ్డవాణ్ని పిలిపించుకుంది. అతని మీద కిడ్నాపు కేసు పెట్టారు. అప్పీలులో సుప్రీంకోర్టు ఒక తేడా చెప్పింది. తీసుకుపోవడం వేరు, తనంతట తాను వచ్చిన మనిషిని వెంట రానివ్వడం వేరు. తానేం చేస్తున్నదో తెలిసిన పిల్ల స్వయంగా ఇల్లు విడిస్తే వెంట ఉన్నవాడు తీసుకుపోయినట్టు కాదంది. ఆరు దశాబ్దాల కిందటి ఆ మాటను కోర్టులు నేటికీ ఉదహరిస్తున్నాయి. మన పత్రికలు, మన పోలీసు స్టేషన్లు, మన జమాతులు దాన్ని ఇంకా చదువుకోలేదు.

ఇక మన సంగతి. 1875 చట్టమే పెళ్లి, మెహర్, తలాక్, దత్తత వ్యవహారాలను తన పరిధినుంచి తప్పించి మత చట్టాలకు వదిలేసింది. ముస్లిం పర్సనల్ లాలో యుక్తవయసు వస్తే పెళ్లికి అర్హత. వేరే రుజువు లేకపోతే పదిహేనేళ్లు. ఈ పదిహేను మీద ఏళ్ల తరబడి యుద్ధం నడుస్తోంది. 2022 జూన్‌లో పంజాబ్-హర్యానా హైకోర్టు తన ఇష్టంతో పెళ్లి చేసుకున్న పదహారేళ్ల ముస్లిం అమ్మాయికి రక్షణ ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో కేరళ హైకోర్టు, ముస్లిం పెళ్లి అయినా సరే, పిల్లల మీద లైంగిక నేరాల చట్టానికి అతీతం కాదంది. పంజాబ్ తీర్పు మీద జాతీయ బాలల కమిషన్ సుప్రీంకోర్టుకు పోతే, 2025 ఆగస్టులో ఆ పిటిషన్‌ను కొట్టేస్తూ, దాన్ని సవాలు చేసే అర్హతే కమిషన్‌కు లేదంది కోర్టు.

ఇలాంటి ప్రతి తీర్పు వచ్చినప్పుడల్లా రెండు అరుపులు వినిపిస్తాయి. టీవీల్లో ఒకరు, ముస్లింలకు మాత్రం పదిహేనేళ్లేనా అంటారు. మనవాళ్లలో ఒకరు, షరియత్‌లో జోక్యమా అంటారు. మొదటి అరుపులో పిల్ల మీద ప్రేమ ఎంతో మనకు తెలుసు. ఆ గొంతులే మన గల్లీల్లో ఆడపిల్లలకు డిగ్రీ కాలేజీ ఎందుకు లేదని ఎన్నడూ అడగలేదు. కాని రెండో అరుపును కూడా ఇవాళ నిలదీయాలి. మన దేశంలో ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ పద్ధతిలో, యుక్తవయసొచ్చిన స్త్రీ వలీ లేకుండానే తన నికాను తాను చేసుకోవచ్చు. ఆమె ఒప్పుకోలు లేని నికా నికాయే కాదు. మన పెద్దలు పదిహేనును గట్టిగా పట్టుకున్నారు, ఆ పదిహేనుతో పాటు వచ్చిన ఆమె ఇష్టాన్ని వదిలేశారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చూడండి. పదిహేనేళ్ల లోపు తండ్రో సంరక్షకుడో చేసిన పెళ్లిని, కాపురం జరగకపోతే, పద్దెనిమిది నిండే లోపు పిల్ల తిరస్కరించవచ్చునంది. మన ఫిఖాలో దాని పేరు ఖియారుల్ బులూగ్. ఈ హక్కు ఒకటుందని పిల్లకు చెప్పిన ఖాజీని నేనింతవరకు చూడలేదు. పదిహేనా, పద్దెనిమిదా అని కొట్టుకుంటున్న ఇద్దరూ లెక్కపెడుతున్నది పిల్లను ఎప్పుడు అప్పగించవచ్చు అన్నదే. ఆమె ఎప్పుడు నడిచిపోవచ్చో ఎవరూ లెక్కపెట్టడం లేదు.

మన కథలూ సినిమాలూ ఏం చేశాయి? సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' 1982లో వచ్చింది. హైదరాబాదు ముస్లింల గురించి మాట్లాడే ప్రతివాడూ దాన్ని తలుచుకుంటాడు. గల్ఫ్ డబ్బుతో వచ్చిన పెద్ద వయసువాడికి షబ్నమ్ అనే లేతవయసు పిల్లను కట్టబెట్టే కథ. ఆమె సర్జూను ప్రేమించింది. వాళ్ల ప్రేమకు మఖ్దూం గజల్ వాడుకున్నారు. కార్మికుల కోసం, తెలంగాణ కోసం జైళ్లకు పోయిన మఖ్దూం ప్రేమ కవిత్వం ఆ పిల్ల గొంతులో నిలవడం మనసును పట్టేసే సంగతే. నేనూ ఆ పాటకు ఏడ్చినవాణ్నే. షబ్నమ్ చివరికి చచ్చిపోతుంది. ఆ నేరంలో తన చేయి కూడా ఉందని నజ్మా గుర్తిస్తుంది.

ఆ సినిమా గురించి రాసినవాళ్లంతా షబ్నమ్ గురించే రాశారు. నా దృష్టిలో అసలు చూడవలసింది స్మితా పాటిల్ వేసిన నజ్మా పాత్ర. ఇంట్లో తనను సంపాదన వస్తువుగా చూడడం భరించలేక హైదరాబాదులో ఇల్లు విడిచి బొంబాయికి పోయిన మనిషి ఆమె. అంటే మనం వెతుకుతున్న కర్త. ఆమెను సర్హదీ ఏం చేశాడు? అఖ్తర్ అనే మగవాడి ఫ్లాటులో, అతను ఎప్పుడు నికా చేసుకుంటాడా అని ఎదురుచూసే మనిషిగా కూర్చోబెట్టాడు. ఆ నికా కోసమే ఆమె షబ్నమ్ బేరంలోకి దిగవలసి వస్తుంది. ఒక ఇంటినుంచి నడిచొచ్చినావిడకు ఇంకో మగవాడి గడపే తప్ప చోటు దొరకదని సినిమా చూపించింది. ఇది నిజమే గనక దాన్ని తప్పు పట్టను. కాని ఆ నిజాన్ని చూపించి దాని మీద ప్రశ్న వేయకుండా గజళ్ల మధ్య కరిగించేసింది. ఆడపిల్ల పెళ్లి వయసు 1978లోనే పద్దెనిమిది అయింది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఈ కథ నడకలో చట్టానికి పాత్రే లేదు. బేరం బజారులోనే జరుగుతుందని, ఇల్లు పేదరికం వల్ల మాత్రమే తలొగ్గుతుందని మనం సర్దిచెప్పుకోడానికి ఆ సినిమా చోటిచ్చింది. బజారును తిట్టాం, ఇంటిని వదిలేశాం.

బజారు అబద్ధం కాదు. 1991లో హైదరాబాదు నుంచి ఒక సౌదీ ముసలివాడు పెళ్లి పేరుతో తీసుకుపోతున్న పదేళ్ల పిల్ల ఏడుస్తుంటే విమానంలో ఉద్యోగిని చూసి అడ్డుకుంది. దేశమంతా మా ఊరి పేరు మారుమోగింది. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఇలాంటి పెళ్లిళ్ల కేసులో గల్ఫ్ దేశాలవాళ్లను, ఖాజీలను అరెస్టు చేశారు. మగపిల్లల బజారు వేరే ఉంది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. చాలామంది బీహారు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను తల్లిదండ్రులే పంపారు గనక ఆ పిల్లలెవరూ 'అదృశ్యం' కాలేదు. పద్దెనిమిది గీత అక్కర్లేదని నేననడం లేదు. ఈ పిల్లలకు ఆ గీత కావాలి, ఇంకా గట్టిగా కావాలి. అమ్మకం నుంచి కాపాడే గీతే, అమ్మకం నుంచి పారిపోయేదాన్ని కూడా వెనక్కి ఈడ్చుకొస్తే దాన్ని ఏమనాలి అన్నదే నా ప్రశ్న.

తెలుగు సాహిత్యంలో ఇల్లు విడిచిన స్త్రీ అనగానే చలం 'మైదానం' రాజేశ్వరి గుర్తొస్తుంది. 1927 నాటి నవల. బ్రాహ్మణ వకీలు భార్య ఒక ముస్లింతో, అమీర్‌తో, వెళ్లిపోయింది. తెలుగు విమర్శ ఆమె కోసం దశాబ్దాలు వాదించుకుంది. స్వేచ్ఛ అన్నారు, కామం అన్నారు, తిరుగుబాటు అన్నారు. ఏదన్నా ఆమెను కర్తగానే చూశారు. అమీర్ మాత్రం ఒక మొరటు శరీరం. అతని అమ్మీ ఎవరో, అతని ఇంట్లో చెల్లెలు ఉందో లేదో ఎవరికీ అక్కర్లేదు. ఆ చెల్లెలు కూడా ఒకనాడు ఏ మైదానానికో నడిచిపోదామనుకుంటే? ఆమె కథను ప్రగతిశీల మిత్రులు రాయలేదు. మనమూ చాలాకాలం రాయలేదు. మన సాహిత్యంలో అమ్మీ ఉంది, నానీమా ఉంది, బురఖా ఉంది, ఆకలి ఉంది, అల్లర్లలో తగలబడ్డ ఇల్లుంది. ఆ ఇంటిని కాపాడుకోవాలన్న తపనలో, ఆ ఇంట్లోంచే బయటికి పోవాలనుకున్న పిల్లను మనం చూడలేదు. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఇంటిని విమర్శిస్తావా అన్నారు. నేనూ అన్నాను.

రాజేశ్వరి ఇవాళ అమీర్‌తో పోతే ఏమవుతుందో హాదియా చూపించింది. కేరళలో ఇస్లాం తీసుకుని, ముస్లింను పెళ్లి చేసుకున్న హాదియాకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. 2017 మేలో హైకోర్టు ఆ పెళ్లిని రద్దు చేసి ఆమెను తండ్రికి అప్పగించింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసేదాకా ఇరవై నాలుగు కూడా పద్దెనిమిది కాలేదు. మనమంతా ఆమె పక్షాన నిలబడ్డాం. నిలబడవలసిందే. కాని ఆ రోజుల్లో నేను రాసిన వ్యాసం ఇప్పుడు తీసి చదివితే సిగ్గేస్తుంది. ఆమె ఇష్టాన్ని సమర్థించానా, ఆమె మన వైపు రావడాన్ని సమర్థించానా? మన గల్లీ నుంచి ఒక హాదియా అటు నడిచిపోతే నా కలం అలాగే నడిచేదా?

ఈ ప్రశ్నకు జవాబు నాకు 1996లోనే తెలుసు. మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. ఆ జూన్‌లో నేను పదో తరగతి పాసై, పదహారు నిండకముందే ఇంటర్ చదవడానికి హైదరాబాదు వెళ్లాను. మామూ వచ్చి బస్సెక్కించాడు. అమ్మీ డబ్బాలో లడ్డూలు పెట్టింది. నా వయసెంతని ఎవరూ అడగలేదు. అదే వేసవిలో ఆపా ఇంటర్ పాసైంది. మార్కులు నాకంటే ఎక్కువ. పట్నంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతానంది. పదిహేడేళ్ల పిల్లను ఒంటరిగా ఎలా పంపుతాం, జమానా బాగా లేదు అన్నారు అబ్బా. నవంబరులో ఆమెను అంతకు ముందు ఒక్కసారైనా చూడని మనిషి వెంట గుల్బర్గాకు పంపారు. అప్పుడు జమానా బాగుపడింది. నికానామాలో దుల్హన్ వయసు గడిలో 18 అని రాశారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ముందురోజు రాత్రి ఆపా నన్ను మేడ మీదికి పిలిచి, "నువ్వైనా అబ్బాతో చెప్పరా, నీ మాట వింటారు" అంది. నేను చెప్పలేదు. పట్నంలో నా చదువు ఆగిపోతుందేమోనని భయపడ్డాను.

ఆపాను ఎవరూ అమ్మలేదు. మా బావ మంచివాడు. మెహర్ ఇచ్చాడు, కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఈ కథ ఏ సినిమాకూ పనికిరాదు, ఏ పత్రికకూ వార్త కాదు, ఏ టీవీ చర్చకూ అక్కరకు రాదు. ముస్లిం ఆడపిల్లను కాపాడతామని బయల్దేరినవాళ్లకు ఇందులో విలన్ దొరకడు. మనకేమో, ఇందులో జరిగిన తప్పే కనిపించదు.

నేనడిగేది పెద్ద విప్లవం కాదు. 1890 నాటి చట్టం, 'పట్టించుకోవచ్చు' అని పక్కన పెట్టిన ఆ ప్రశ్నను బయటికి తీయమంటున్నాను. నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావు, ఏం చేయాలనుకుంటున్నావు? ఇది పిల్లను అప్పగించే ముందు ఖాజీ అడగాలి. వెనక్కి తెచ్చిన తర్వాత పోలీసు అడగాలి. హాస్టల్ కట్టని సర్కారును, షాదీఖానా కట్టించుకుని మురిసిపోయే మన జమాతులను మనం అడగాలి. అన్నిటికంటే ముందు ఇంట్లో, మేడ మీద, తమ్ముడనేవాడు అడగాలి.

పోయిన రంజాన్‌కు ఆపా వచ్చింది. ఆమె చిన్నకూతురు ఇప్పుడు హైదరాబాదు హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. పంపించింది ఆపాయే, బావతో నెలరోజులు మాట్లాడకుండా ఉండి మరీ పంపింది. నేను ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, ఆ నికానామా సంగతి రాయనా అని అడిగాను. "రాయి" అంది. కాసేపాగి నవ్వింది. "ఆ ఖాజీ సాబ్ ఇంతకాలం బతికి ఉన్నాడో లేడో గాని, ఆయన దగ్గర నాది ఒక సంవత్సరం బాకీ ఉందని కూడా రాయి."

ఆ సంవత్సరం రాసింది ఖాజీ సాబే. కాని చూసి ఊరుకున్నది నేను. ఆ బాకీలో సగం నాది.